ఎలిజబెత్ టీచరు గారి రైఫిలు

విజయవాడ, వన్‌టౌన్
9 జూలై 1974

ప్రియమైన కాశీరావుకి,

సలాం. నువ్వు ఉత్తరం రాసి ఏడాది దాటింది. నేనూ రాయలేదు కాబట్టి నిన్ను తిట్టే హక్కు లేదు. జబల్పూరు సైనిక వర్క్‌షాపులో పన్నెండేళ్ళు పక్కపక్క బల్లల మీద తుపాకులు బాగుచేసినవాళ్ళం, ఇప్పుడు నేను బెజవాడలో, నువ్వు బందరు ఒడ్డున ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం ఏమీ బాగాలేదు.

ఇంతకీ పని పడి రాస్తున్నాను. పోయిన నెల నా కొట్టుకి ఒకామె వచ్చింది. పేరు ఎలిజబెత్. కంకిపాడు బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ముప్ఫై రెండేళ్ళుంటాయి. ఇక్కడి రైఫిల్ క్లబ్బువాళ్ళు తమ పాయింట్ టూ టూ పోటీ రైఫిలు ఆమెకి అభ్యాసానికి ఇచ్చారు. దాన్ని బల్లమీద పెట్టి ఏమందో తెలుసా?

"రవూఫ్ గారూ, ఇది పొద్దున ఒకచోట కొడుతోంది, మధ్యాహ్నం ఇంకోచోట కొడుతోంది. తప్పు నాదో దీనిదో మీరే చెప్పాలండి. నాదయితే దిద్దుకుంటాను."

ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తుపాకి తెచ్చినవాడు ఎవడూ తప్పు తనదేమోనని అడగలేదు. ఆ ఒక్క మాటకే ఆదివారం నేనూ ఆమెతోపాటు క్లబ్బు మైదానానికి వెళ్ళాను. బోర్లా పడుకుని యాభై తూటాలు కాల్చింది. ఊపిరి ఎప్పుడు వదిలిందో, వేలు ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు. తప్పు ఆమెది కాదు.

తప్పు రైఫిలు కర్రది. వానాకాలం వచ్చేసరికి కర్ర ఉబ్బుతోంది, ఎండ కాయగానే బిగుస్తోంది. దాంతో గొట్టమూ, తూటా పెట్టే ఇనుప భాగమూ కర్రలో కూర్చునే చోటు కదిలిపోతోంది. మన పాత పద్ధతిలో దీపం మసి పూసి, అంటుకున్నచోటల్లా గీకి, మూడుసార్లు కూర్చోబెట్టాను. నాలుగు చినుకులు పడితే మళ్ళీ మొదటికే. క్లబ్బు సెక్రటరీ ఏదో విదేశీ పత్రిక చూపించాడు. అక్కడివాళ్ళు కర్రలో ఎపాక్సీ అనే జిగురు పోసి, అది గట్టిపడేదాకా ఇనుమును అందులో కూర్చోబెడతారట. ఆ అచ్చు ఇక వానకీ ఎండకీ కదలదట.

నువ్విప్పుడు ఫైబర్ పడవల షెడ్డులో ఉన్నావు కదా, ఈ జిగుళ్ళన్నీ నీకు తెలిసే ఉంటాయి. ఏది వాడాలో చెప్పు. జనవరిలో హైదరాబాదులో రాష్ట్ర జట్టుకి ఎంపిక. ఈసారి ఆమె స్కోరు పెరగకపోతే రైఫిలు ఇంకొకరికి ఇస్తామని క్లబ్బువాళ్ళు చెప్పేశారు. సొంతంగా కొనుక్కునే స్తోమతు ఆమెకి లేదు. ఇది పోతే ఆమె ఆట ఇక్కడితో ఆగినట్టే.

రత్తమ్మ చెల్లెమ్మకి నా దువా, మా ఆవిడ జైతూన్ సలాం.

నీ
అబ్దుల్ రవూఫ్


గిలకలదిండి
22 జూలై 1974

ఒరే రవూఫూ,

పని పడితే గానీ నేను గుర్తుకు రానని నాకు తెలుసులే. అయినా నీ ఉత్తరం రత్తమ్మకి చదివి వినిపించాను. "ఆ టీచరమ్మ ఎవరో గాని గట్టి మనిషండీ" అంది. అలా తప్పు తనమీద వేసుకుని మాట్లాడేవాళ్ళని నేను కూడా పట్టుమని ముగ్గుర్ని చూడలేదు.

ఇక జిగురు సంగతి. ఎపాక్సీ అంటే ఒక్కటే అనుకోకు. మా షెడ్డులోనే మూడు రకాలున్నాయి. పడవ ఒంటికి పూసేది ఒకటి, అసలు అది ఎపాక్సీ కాదు, ఘాటు వాసన వేస్తుంది. అరగంటలో గట్టిపడేది ఒకటి, బీటలు అతకడానికి. ఇంకోటి మెల్లగా ఆరేది, ఒక రోజంతా తీసుకుంటుంది. ఏది గొప్పదో చెప్పమంటే అయిదు నిమిషాల్లో చెబుతాను. కానీ ఒక మనిషి ఆట దీనిమీద ఉందన్నావు. కాబట్టి చేసి చూసి చెబుతాను.

విరిగిన టేకు తెడ్డు ఒకటుంది. దాన్ని మూడు ముక్కలు కోసి, గాడులు తవ్వి, మూడింట్లోనూ ఒకే లావు ఇనుప కడ్డీలు పెట్టి మూడు రకాలూ పోస్తాను. ఒక వారం రేకు కప్పు మీద ఎండలో, ఒక వారం ఉప్పు నీళ్ళలో, ఒక వారం వానలో ఉంచుతాను. ఈలోగా నువ్వు ఆ కర్ర జోలికి పోకు. నీ చేతికి దురద ఎక్కువ.

కాశీరావు


గిలకలదిండి
26 ఆగస్టు 1974

రవూఫూ,

ఇదిగో ఫలితం. జాగ్రత్తగా చదువు.

పడవ ఒంటికి పూసే రెజిన్ పనికిరాదు. ఆరిన తర్వాత అది ముడుచుకుపోతుంది. కడ్డీకీ దానికీ మధ్య రత్తమ్మ తలవెంట్రుక దూర్చి చూశాను, చక్కగా దూరింది. వెంట్రుక దూరేచోట రైఫిలు నిలబడదని నీకు నేను చెప్పాలా?

అరగంటది కూడా వద్దు. అది ముడుచుకోలేదు, నిజమే. కానీ రేకుమీద మిట్టమధ్యాహ్నం ఎండకి గోరుతో నొక్కితే గుంట పడింది. మన ఎండలకి అది నిలవదు. పైగా దాంతో పని చెయ్యడానికి పది నిమిషాలకంటే ఉండదు. ఇనుము వంకరగా కూర్చుంటే సరిచేసే లోపలే రాయి అయిపోతుంది.

మెల్లగా ఆరేదే నీకు కావలసింది. మూడు వారాలూ దానికేమీ కాలేదు. గోరు దిగలేదు, వెంట్రుక దూరలేదు. దానిలో కొంచెం పొడి కలిపితే ఇంకా గట్టిపడుతుంది. లేతు మిషను కింద రాలిన ఇనుప రజను కలుపుదామనుకుంటావు నువ్వు, నాకు తెలుసు. వద్దు. మన గాలికి తుప్పుపట్టి లోపల ఉబ్బుతుంది. వెండిరంగులో కలిపే అల్యూమినియం పొడి కలుపు. జిగురు పాళ్ళు కంటితో చూసి పోయకు, కంసాలి త్రాసులో తూచు. పాళ్ళు తప్పితే ఎన్నాళ్ళయినా బంకగానే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఇనుముకి మైనం పట్టించు. బూట్లకి రాసే మైనం చాలు. రెండు పూతలు, ఒక్క గీత ఖాళీ లేకుండా. చిల్లులన్నీ మైనంతో మూసెయ్యి. లేకపోతే ఆ జిగురు ఇనుమునూ కర్రనూ కలిపి పట్టేసుకుంటుంది, మళ్ళీ విడదీయలేవు.

జిగురు డబ్బా, అందులో కలిపి దాన్ని గట్టిపరిచే మందు డబ్బా రెండూ పార్సెలు చేస్తున్నాను. గట్టిపరిచే డబ్బాని ఒట్టి చేత్తో ముట్టుకోకు. గుడ్డ కట్టుకో. నాకు కాస్త దురద పుట్టింది, లెక్కలేదులే.

కాశీరావు


విజయవాడ
28 సెప్టెంబరు 1974

ప్రియమైన కాశీరావుకి,

డబ్బాలు అందాయి. నువ్వు చేసిన పరీక్ష క్లబ్బు సెక్రటరీకి చదివి వినిపిస్తే, "ఈయన ఇంజనీరా?" అన్నాడు. చేపల రేవులో ఉంటాడని చెబితే నమ్మలేదు.

పని సాగుతోంది. వానలు తగ్గాయి. ఎలిజబెత్ గారు ప్రతి శనివారం కంకిపాడు నుంచి బస్సులో వస్తున్నారు. వాళ్ళమ్మ శౌరమ్మ గారు మొన్న మాకు అరిసెలు పంపించారు. క్లబ్బులో ఈ మధ్య కొత్త దీపాలు వేశారు. ఊళ్ళో చక్కెరకి క్యూలు. మిగతా సంగతులు తర్వాత రాస్తాను.

నీ
రవూఫ్


గిలకలదిండి
4 అక్టోబరు 1974

రవూఫూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అరిసెల గురించి ఉంది, చక్కెర గురించి ఉంది. జిగురు ఎలా పాకింది, ఎన్ని గంటలకి ఆరింది, ఇనుము ఎలా బయటికొచ్చింది, ఒక్క ముక్క లేదు. జబల్పూరులో స్ప్రింగు విరగ్గొట్టిన రోజున కూడా నువ్వు నాతో వంకాయ కూర గురించి మాట్లాడావు.

మైనం పూశావా లేదా?

కాశీరావు


విజయవాడ
11 అక్టోబరు 1974

కాశీరావూ,

పూయలేదు.

నీకు రాయడానికి సిగ్గుపడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా ఇనుముకి నూనె రాస్తున్నవాణ్ణి, జిగురు అంటకుండా నూనె చాలదా అనుకున్నాను. మైనం పూస్తే మందం పెరిగి అచ్చు వదులవుతుందేమోనని నా తెలివి నాది. ఆ రోజు ఎండ మండిపోతోంది. నూనె కారిపోయింది. మర్నాడు మరలు విప్పి లాగితే రాలేదు. చెక్క సుత్తితో కొట్టాను. రాలేదు. జైతూన్ వచ్చి, "ఏమిటండీ ఆ కొట్టడం, గోడ కూలుతుందా?" అంది. రైఫిలూ కర్రా ఒక్క ముక్కయి కూర్చున్నాయి. కర్రని కోసి తీయొచ్చు. కానీ అది విదేశీ కర్ర. ఇంకోటి తెప్పించేసరికి జనవరి కాదు, ఇంకో జనవరి అవుతుంది. వేడి చేద్దామంటే గొట్టం పాడవుతుందని భయం.

ఎనిమిది రోజులు ఆమెకి చెప్పలేదు. శనివారం వస్తే, "ఇంకా ఆరుతోందమ్మా" అన్నాను. ఆమె నమ్మి వెళ్ళిపోయింది.

రెండో శనివారం చెప్పేశాను. "అమ్మా, నా స్నేహితుడు మైనం రాయమన్నాడు. నేను వినలేదు. మీ రైఫిలు పాడుచేశాను" అన్నాను.

ఆమె రైఫిలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "పగల్లేదు కదండీ?" అంది.

"పగల్లేదు."

"అయితే పాడవలేదు. ఇరుక్కుంది. మీరు దారి వెతకండి. నేనీలోగా ఊరుకోను."

ఏం చేసిందో చెబితే నమ్మవు. మా పెరట్లో పడున్న చెక్క పలక ఒకటి తీసి, రైఫిలు బరువు వచ్చేలా దానికి ఇనుప ముక్కలు కట్టమంది. కట్టాను. జైతూన్ చాప పరిచింది. ఆ పలక పట్టుకుని బోర్లా పడుకుని, పలక కొన మీద అయిదు పైసల బిళ్ళ పెట్టమంది. నలభై నిమిషాలు. బిళ్ళ పడలేదు. చెమట కంట్లోకి కారుతున్నా రెప్ప వేయలేదు. లేచి, "వచ్చే శనివారం గంట చేస్తానండీ" అని బస్సుకి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు కాశీరావూ. అని ఉంటే తేలిగ్గా ఉండేది.

నువ్వే ఏదో దారి చెప్పాలి. తిట్టాలనుకుంటే ముందు తిట్టి తర్వాత చెప్పు.

రవూఫ్


గిలకలదిండి
19 అక్టోబరు 1974

రవూఫూ,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే రత్తమ్మ రాస్తోంది. నాకు చేతినిండా పని ఉంది.

తిట్లు తర్వాత. ముందు దారి విను. మా షెడ్డులో పోయినేడు ఒక అచ్చు ఇలాగే ఇనుప చట్రాన్ని పట్టేసుకుంది. వారం రోజులు పీకినా రాలేదు. విసుగొచ్చి పక్కన పడేశాం. అక్కడే చేపల ఐసు పెట్టెలు ఖాళీ చేస్తుంటారు. రెండు రోజులు ఐసు కింద పడి ఉందది. మూడోరోజు ఎవరో కాలితో తన్నితే ఊడిపోయింది. చలికి ఇనుము కర్రకంటే ఎక్కువ ముడుచుకుంటుంది. జిగురు పెళుసెక్కుతుంది. దాని పట్టు అక్కడ విడిపోతుంది.

నువ్వు చేయాల్సింది ఇది. రైఫిలుకి రబ్బరు గుడ్డ చుట్టి తాళ్ళతో బిగించు, కర్రకి చుక్క నీరు తగలకూడదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి పొడిచెయ్యి. మూడు తట్టల ఐసుకి ఒక తట్ట కల్లుప్పు కలుపు. ఉప్పు కలిస్తే ఐసు ఇంకా చల్లబడుతుంది, చేపలవాళ్ళకి తెలిసిన సంగతే. నాలుగు గంటలు అందులో ఉంచు. తీసిన వెంటనే, చల్లారకముందే అంటే, అదేలే, వేడెక్కకముందే, (రత్తమ్మ నవ్వుతోంది) చెక్క సుత్తితో గొట్టం కొసని కొంచెం కొంచెంగా తట్టు. కొట్టకు, తట్టు.

నీ దగ్గర అంత పొడుగు పెట్టె ఉండదు. వంజరం చేపలకి వాడే పెట్టె ఒకటి ఖాళీ చేయించాను. వచ్చే సోమవారం బస్సులో నేనే తెస్తాను. పని నా కళ్ళముందే జరగాలి. నువ్వు ఐసు బదులు మజ్జిగ పోసినా పోస్తావు.

ఆ టీచరు గారి పలక సంగతి రత్తమ్మ రెండుసార్లు చదువుకుంది.

కాశీరావు


విజయవాడ
6 నవంబరు 1974

కాశీరావూ,

పెట్టె వచ్చింది. నువ్వు రాలేదు. కండక్టరు దించి వెళ్ళాడు. "దీన్ని తెచ్చినాయన మధ్యలో దిగిపోయాడండీ" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. ఏం, బెజవాడ అంత చేదయిందా నీకు?

కోపంగా ఉన్నా జరిగింది రాస్తాను. శనివారం పొద్దున్నే ఎలిజబెత్ గారూ, నేనూ, జైతూనూ పని మొదలుపెట్టాం. జైతూన్ రబ్బరు గుడ్డని పసిపిల్లకి చుట్టినట్టు చుట్టింది. నువ్వు చెప్పిన లెక్కన ఐసూ ఉప్పూ కలిపాం. నాలుగు గంటలు ముగ్గురం పెట్టె చుట్టూ కూర్చున్నాం. తీసి తట్టాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. ఎలిజబెత్ గారు, "నేను పట్టుకుంటాను, మీరు తట్టండి" అని మంచుగడ్డలా ఉన్న కర్రని ఒట్టి చేతులతో పట్టుకుంది. ఆరోసారికి 'టక్' మంది. ఇల్లంతా వినిపించింది. ఇనుము పైకి లేచింది!

జైతూన్ ఏడ్చింది. నేను ఏడవలేదని నువ్వు అనుకో.

జిగురు మూడొంతులు అద్దంలా వచ్చింది, ఒక చారమేర చీరుకుపోయింది. దాన్నంతా గీకేశాను. ఈసారి మైనం మూడు పూతలు పూశాను, నువ్వు రెండన్నా సరే. కంసాలి దగ్గర త్రాసు తెచ్చి తూచాను. మర్నాడు మరలు విప్పితే రెండు తట్లకి బయటికొచ్చింది. లోపల చూస్తే ఇనుము మీది అంకెలు కూడా తిరగేసి అచ్చుపడి ఉన్నాయి. కాశీరావూ, ఇన్నేళ్ళలో నా చేత్తో నేను చేసిన ఏ పనీ అంత అందంగా లేదు. అది నా పని కాదు, నీది. చెయ్యి మాత్రం నాది.

మొన్న మైదానంలో పొద్దున అయిదు, మిట్టమధ్యాహ్నం అయిదు, వాన పడి వెలిశాక అయిదు కాల్చింది. పదిహేను తూటాల గుర్తులూ ఒక్క పావలా బిళ్ళ కింద దాక్కున్నాయి. ఆమె కాగితం చూసి, "ఇక తప్పు జరిగితే నాదేనండీ" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఎందుకు రాలేదో రాయి.

రవూఫ్


గిలకలదిండి
18 నవంబరు 1974

రవూఫ్ అన్నయ్య గారికి రత్తమ్మ నమస్కారం.

మా ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. తెలిస్తే ఊరుకోరు. మీరు కోపంగా రాశారు, ఆయన జవాబు రాయరు. అందుకని నేనే రాస్తున్నాను.

మీ తుపాకి కోసం ఆ ముక్కలు చేసిన నెలలో ఆయన చేతులు ఎర్రగా పొంగినాయి. పొక్కులొచ్చి పగిలి, తోలు ఊడిపోతోంది. షెడ్డులో చేతొడుగులు ఎవరికీ ఇవ్వరు. అప్పటికే ఆ డబ్బాలతో రెండేళ్ళుగా పని చేస్తున్నారు కదా, మీవల్లే అని నేను అనటం లేదు అన్నయ్య గారూ. ఇప్పుడు షెడ్డుకి రావద్దన్నారు. కలం పట్టుకోలేరు, అందుకే ఆ ఉత్తరం నాచేత రాయించారు.

వీధిలో కుష్టు, పెద్దరోగం అంటున్నారు. మా ఇంటికి ఎవరూ రావటం లేదు. నా తట్టలో చేపలు కొనటం మానేశారు. మొన్న రేవులో ఒకావిడ అందరూ వింటుండగా, "ఆ చేత్తో ముట్టుకున్నవేగా" అంది. పాతికేళ్ళుగా నా దగ్గర కొన్న మనిషే.

ఆ సోమవారం ఆయన పెట్టె తీసుకుని బస్సెక్కారు. చేతులకి గుడ్డ చుట్టుకున్నారు. పామర్రు దగ్గర గుడ్డ జారింది. పక్కనున్నవాళ్ళు చూసి గోల చేశారు. దించెయ్యమన్నారు, దించేశారు. పెట్టె ఒక్కటి బెజవాడలో ఇచ్చెయ్యమని కండక్టరుని బతిమాలి, ఎక్కించుకునే బస్సు లేక నడిచొచ్చారు. చీకటిపడ్డాక ఇంటికొచ్చి, "పెట్టె చేరుతుందంటావా?" అని నాలుగుసార్లు అడిగారు.

డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. "కాదని తేలితే సరే, అవునని తేలితే?" అంటారు. మీ మాటయితే వింటారని రాస్తున్నాను.

మీ చెల్లెలు
రత్తమ్మ


విజయవాడ
29 జనవరి 1975

కాశీరావూ,

డిసెంబరులో నేను వచ్చి నీ ఇంట్లో రెండు రోజులున్నాను. నీ పక్కన కూర్చుని ఒక్క కంచంలో తిన్నాను. నీ వీధివాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు గానీ నోరు మెదపలేదు. వాళ్ళకి నేను పరాయివాణ్ణి. నిన్ను డాక్టరు దగ్గరికి కదిలించలేక వెనక్కి వచ్చాను. ఆ ఓటమి నన్ను ఇంకా పీకుతూనే ఉంది. నా పని కోసమే ఆ ముక్కలు చేశావని గుర్తొచ్చినప్పుడల్లా నా చేతులు దాచుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. ఎలిజబెత్ గారితో, శౌరమ్మ గారితో నేనూ వెళ్ళాను. పొద్దున మంచు, పదింటికల్లా ఎండ. పక్కవాళ్ళు పావుగంటకోసారి గురి సరిచేసుకుంటున్నారు. ఈమె ఒక్క మర తిప్పలేదు. అరవై తూటాలకి, ఆరువందలకి అయిదువందల ఎనభై ఒకటి. పోయినేడు అయిదువందల అరవై ఒకటి. రెండో స్థానం. రాష్ట్ర జట్టులో పేరు చదివినప్పుడు శౌరమ్మ గారు నా భుజం పట్టుకుని నిలబడ్డారు, లేకపోతే పడిపోయేవారు.

తర్వాత ఒక పెద్ద అధికారి వచ్చి, కర్రలోపల చూసి, "ఇది విదేశంలో చేయించారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె తెలుగులో చెప్పింది. "కాదండీ. జిగురు ఎంచి, పరీక్షించి, ఇరుక్కుంటే విడిపించింది గిలకలదిండి కాశీరావు గారు. కూర్చోబెట్టింది ఈ రవూఫ్ గారు. రెండు పేర్లూ రాసుకోండి." ఆయన నిజంగానే జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు.

తిరుగు రైల్లో, "కాశీరావు గారికి నేనే వెళ్ళి చెప్పాలండీ" అంది. అప్పుడిక దాచలేకపోయాను. చెప్పేశాను. నన్ను తిట్టుకున్నా సరే. ఆమె అయ్యో అనలేదు. మూడు ప్రశ్నలడిగింది. చేతులకి స్పర్శ తెలుస్తోందా? తెలుస్తోందన్నాను, వేడి గ్లాసు పట్టుకోలేక దించేయడం చూశాను కదా. షెడ్డు మానేశాక పెరిగిందా, తగ్గిందా? కొంచెం తగ్గినట్టుందన్నాను. అక్కడ ఇంకెవరికైనా ఉందా? ఒకరిద్దరికి వేళ్ళమధ్య మొదలైందని రత్తమ్మ చెప్పిన మాట చెప్పాను. తర్వాత నీ అడ్రసు రాయించుకుంది.

ఆమె వస్తుంది. తలుపేసుకోకు.

రవూఫ్


గిలకలదిండి
17 ఫిబ్రవరి 1975

రవూఫూ,

నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతే చదువుకో.

పోయిన శనివారం పదిగంటలకి ఆమె మా గుమ్మంలోకొచ్చింది. తెల్లచీర, భుజాన సంచీ. నేను లోపలికి వెళ్ళిపోదామని లేచాను. "కాశీరావు గారూ, నేను ఎలిజబెత్‌నండి. మీ చేతులు చూపించండి" అంది. బళ్ళో పిల్లల గోళ్ళు చూసే టీచరు అడిగినట్టు అడిగింది. చూపించకుండా ఉండలేకపోయాను. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, ఒక్కో వేలూ నొక్కి, "తెలుస్తోందా? ఇక్కడ?" అని అడిగింది. వీధిలో నలుగురు నిలబడి చూస్తున్నారు. నాలుగు నెలల్లో, రత్తమ్మా నువ్వూ తప్ప నా చేతులు ముట్టుకున్న మనిషి లేదురా.

"పదండి, బందరు వెళ్దాం" అంది. బస్సు ఎక్కనన్నాను. "నేను కిటికీ పక్కన కూర్చోను, మీరు కూర్చోండి. మీ పక్కన నేనుంటాను. ఎవరేమంటారో చూద్దాం" అంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆస్పత్రిలో నాతోపాటు మూడు గంటలు వరసలో నిలబడింది. చర్మం డాక్టరు సూది గుచ్చి, దూదితో రాసి చూశాడు. ఏ పని చేస్తావని అడిగాడు. నేను చెప్పేలోపే ఆమె ఆ డబ్బాల సంగతంతా చెప్పింది. తన రైఫిలు కోసం అన్నీ నేర్చుకుంది కదా. డాక్టరు నవ్వి, "పెద్దరోగం కాదయ్యా. ఆ మందు పడని ఒళ్ళు నీది. ఇంకెప్పుడూ ముట్టుకోకు, తగ్గిపోతుంది" అన్నాడు.

బల్లమీద కూర్చుండిపోయాను. ఆమె మాత్రం, "అదే కాగితం మీద రాసివ్వండి డాక్టరు గారూ, తెలుగులో" అంది. తెలుగులో రాయించి, ముద్ర వేయించింది.

మర్నాడు పొద్దున్నే కంకిపాడు నుంచి మళ్ళీ వచ్చి, నన్నూ రత్తమ్మతోపాటు రేవుకి రమ్మంది. రేవులో పడవలు వచ్చే వేళ, చేపల వేలంపాట జరిగే వేళ. ఆడా మగా మూడు వందలమంది ఉంటారు. అందులో ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. ఆమె ఐసు దిమ్మలు దింపే అరుగెక్కి నిలబడింది. ఏమో అనుకున్నాను. ఒక్కసారి అరిచింది రవూఫూ, "అందరూ ఇటు చూడండి!" అని. మైదానంలో బడిపిల్లల్ని నిలబెట్టే గొంతు అది. పాట పాడేవాడు పాడుతూ పాడుతూ ఆగిపోయాడు.

ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. డాక్టరు పేరు చదివింది, ముద్ర ఉందని చూపించింది. "ఈయనకి వచ్చింది పడవల షెడ్డులో మందు వల్ల. అక్కడ పనిచేసే మీ అన్నదమ్ములకీ రావచ్చు. చేతొడుగులు అడగండి. కాశీరావు గారి చెయ్యి ఎవరికీ ఏమీ అంటించదు. అనుమానం ఉంటే ఇదిగో నా చెయ్యి చూడండి, నిన్నంతా పట్టుకునే ఉన్నాను" అని తన రెండు చేతులూ పైకెత్తి చూపించింది. తర్వాత కిందికి దిగి, రత్తమ్మ తట్ట దగ్గరికెళ్ళి, నా చేతిలోంచే ఒక వంజరం తీసుకుని సంచీలో వేసుకుంది.

ఆమె వెనకాల ఇంకో ఇద్దరు కొన్నారు. తర్వాత, రత్తమ్మని ఆ మాట అన్నావిడ కూడా వచ్చింది, తలెత్తకుండా. రత్తమ్మ ఆమెకి ఏమీ అనకుండా చేపలు తూచి ఇచ్చింది. నేనయితే రెండు మాటలు అనేవాణ్ణి.

షెడ్డు యజమానులకి కూడా ఆ కాగితం నకలు పంపింది. చేతొడుగుల సంగతి వాళ్ళింకా తేల్చలేదు. నన్ను మాత్రం అచ్చుల పని మీద పర్యవేక్షణకి పిలిచారు. నేనింకా ఏమీ చెప్పలేదు. చేతొడుగులు వచ్చాక చూస్తాను.

ఒక్క సంగతి మాత్రం నీకే చెబుతున్నాను, ఎవరితోనూ అనకు. రేవులో ఆమె అలా అరిచినప్పుడు నేను రత్తమ్మ పక్కన తట్ట మీద వంగి ఉన్నాను. సైన్యం వదిలి పదమూడేళ్ళయింది. ఆ గొంతు చెవిన పడగానే నాకు తెలియకుండానే మడమలు కలిపి, ఛాతీ విరిచి, అటెన్షన్‌లో నిలబడిపోయాను. ఆమె కాగితం మొత్తం చదివి కిందికి దిగేదాకా అలాగే నిలబడ్డాను.

నీ
కాశీరావు